ఒప్పుకోలు ఎవరిది? జుర్మానా ఎవరికి?

సికిందరాబాదు రైలుస్టేషను వెలుపల ఏ రాత్రి తొమ్మిది గంటలకైనను నిలిచి చూచినవారికి ఈ దృశ్యము క్రొత్తది కాదు. నిద్రించుచున్న బిడ్డను భుజముపై వేసికొని, పెట్టెలను కాళ్లయొద్ద నుంచుకొని, ఒక గృహస్థుడు చేతిలోని ఫోనును చూచుచుండును. కారు కుదిరినదని ఫోను తెలిపినది. డ్రైవరు పేరును, బండి నంబరును కనబడుచున్నవి. ఇంతలో డ్రైవరే పిలుచును. "ఎక్కడికి సార్? క్యాషా, ఆన్‌లైనా?" గృహస్థుడు జవాబు చెప్పును. అవతల మాట ఆగిపోవును. రెండు నిమిషములకు, కుదిరిన కారు కుదరలేదని ఫోనే మరల తెలుపును. మరల వెదకులాట, మరల ఒక పేరు, మరల అవే రెండు ప్రశ్నలు.

ప్రయాణికునికి కోపము వచ్చును, రాక తప్పదు. రాత్రివేళ ఒంటరిగా నిలిచిన స్త్రీకి ఇది కోపముతో పోవు సంగతియు కాదు, భయము. పత్రికలకు ఉత్తరములు వ్రాయుదురు. ప్రభుత్వమునకు ఫిర్యాదులు పంపుదురు. ఆ ఫిర్యాదుల సారమంతయు ఒక్కటే: డ్రైవరు ఒప్పుకొని మాట తప్పినాడు, వానిని శిక్షింపుడు. ప్రభుత్వమువారికిని ఆ మాటయే వినబడినది. ప్రయాణికునికిని డ్రైవరునకును మధ్య నిలిచి ఫోనుద్వారా సవారి కుదుర్చు కంపెనీకి చట్టము పెట్టిన పేరు అగ్రిగేటరు. ఈ అగ్రిగేటరులను గూర్చి కేంద్రప్రభుత్వమువారు 2025 జూలైలో ప్రకటించిన మార్గదర్శకములలో, బుకింగు నంగీకరించిన పిమ్మట సరియైన కారణము లేక రద్దుచేసిన డ్రైవరుపై బాడుగలో నూటికి 10 వంతు, 100 రూపాయలకు మించకుండ, జుర్మానా వేయవలెనని యున్నది. కారణము లేక రద్దుచేసిన ప్రయాణికునికిని అదే కొలత. 2020 నవంబరులో వెలువడిన మొదటి మార్గదర్శకములలోను ఇట్టి నిబంధన యున్నది.

మాట తప్పినవానికి దండన యనుటలో మాకు ఆక్షేపణ లేదు. మా ప్రశ్న అంతకు ముందుది. ఆ డ్రైవరు ఏమి తెలిసికొని ఒప్పుకొనెను?

జట్కాల దినములను ఎరిగిన పెద్దలు ఇంకను ఉన్నారు. బెజవాడలో రైలు దిగినవాడు స్టాండునకు పోయి, "సత్యనారాయణపురానికి ఎంత?" అని యడిగెడివాడు. బండివాడొక మాట, ఇతడొక మాట. గుఱ్ఱము అలసినదని బండివాడు, సామాను లేదుగదా యని ప్రయాణికుడు. చివరకు కుదిరిన కుదిరినది, లేకున్న లేదు. ఆ బేరము ధర్మముగా జరిగెడిదని మేము చెప్పము. ఊరికి క్రొత్తవానిని ఆ స్టాండులు ఎట్లు ఒలిచినవో ఒలిపించుకొన్నవారు ఎరుగుదురు. కాని ఒప్పుకొనువేళకు పోవలసిన చోటు, ఇచ్చెడి పైకము, ఎక్కెడి మనుష్యులు, ఈ మూడును ఇరువురకును ఎదుటనే యుండెడివి.

నేటి బేరమున మూడవవాడు ప్రవేశించినాడు. వాడు స్టాండులో కనబడడు. బాడుగ ఎంతయో వాడు చెప్పును. ఏ ప్రయాణికుని పిలుపు ఏ బండికి పంపవలెనో వాడే నిర్ణయించును. ఆ పిలుపు డ్రైవరు తెరమీద నిలుచునది కొన్ని సెకనులు మాత్రమే. బస్సులు, లారీలు, మోటారుసైకిళ్లు క్రిక్కిరిసిన రోడ్డుమీద, ఒక చేత స్టీరింగు పట్టుకొని, ఆ కొన్ని సెకనులలో డ్రైవరు వ్రేలు నొక్కవలెను. ఎన్ని పిలుపులకు నొక్కెనో, ఎన్ని విడిచెనో కంపెనీ లెక్క వ్రాయుచుండును. బహుమానములను ఆ లెక్కకు ముడిపెట్టుటయు కలదు. నొక్కిన పిమ్మట మానుకొన్నచో జుర్మానా. దీనికి ఒప్పుకోలు అని పేరు!

పోవలసిన చోటును ముందుగా డ్రైవరునకు చూపు పద్ధతి మొదటినుండి ఉన్నది కాదు. సుమారుగా దిగుచోటును, పైకమిచ్చు విధమును డ్రైవర్లకు ముందే చూపుదుమని ఓలా కంపెనీ ప్రకటించినది 2021 డిసెంబరులో. గమ్యమును చూపుదుమని ఊబరు కంపెనీ ప్రకటించినది 2022 మేలో. ప్రయాణికుల గగ్గోలు పెరిగి, ప్రభుత్వమువారు కంపెనీలను పిలిపించి అడిగిన కాలమది. స్టేషనువద్ద గృహస్థుని డ్రైవరు అడిగిన రెండు ప్రశ్నలే ఈ ప్రకటనలలో ఉన్నవని పాఠకులు గమనింపవలెను. అనగా, అంతవరకు ఏండ్ల తరబడి ఆ రెండును తెలియనీయకయే వ్రేలు నొక్కించుచుండిరని కంపెనీలే చెప్పినట్లైనది. మరియు ఈ చూపుట యనునది వారు దయతో ఇచ్చినది. ప్రకటన చేసి ఇచ్చినదానిని ప్రకటన లేకయే తీసికొనవచ్చును. ఒక ఊరిలో ఉంచి మరియొక ఊరిలో మానవచ్చును. అప్పుడు డ్రైవరు పోయి చూపుటకు చట్టములో ఒక అక్షరము ఉండవలెనుగదా?

గమ్యముతో డ్రైవరునకేమి పని, ఎక్కడికైన పైకము వచ్చునుగదా యని కొందరందురు. కారు నడిపి కుటుంబమును పోషింపనివారి మాట ఇది. రాత్రి పదిగంటలకు సికిందరాబాదునుండి పటాన్‌చెరువునకు ప్రయాణికుని చేర్చినవాడు తిరిగి ఖాళీగా రావలసి వచ్చును. ఆ పెట్రోలు వానిదే, ఆ గంటయు వానిదే. 2025 మార్గదర్శకములలో ఖాళీగా తిరుగు దూరమునకు పరిహారముగా మూలబాడుగ కనీసము 3 కిలోమీటర్లకు లెక్కింపవలెనని వ్రాసినారు. మంచిదే. అది ప్రయాణికుని వద్దకు వచ్చు దూరమునకు కొంత సరిపోవచ్చును. పటాన్‌చెరువునుండి తిరిగి వచ్చు రోడ్డుకు సరిపోదు. ఇక నగదు సంగతి. ఆన్‌లైనులో ఇచ్చిన పైకము కంపెనీ లెక్కలు తేలిన పిమ్మట డ్రైవరు చేతికి వచ్చును. పెట్రోలుబంకువాడు లెక్కలు తేలువరకు ఆగడు.

2024 ఏప్రిలులో హైదరాబాదు డ్రైవర్లు కారులో ఏసీ వేయమని ఉద్యమము చేసిన సంగతి జ్ఞాపకముండును. మండుటెండలో ఎక్కిన ప్రయాణికుడు, పైకమిచ్చియు ఉడికిపోవుటయా యని మండిపడెను. కిలోమీటరునకు చేతికి వచ్చునది ఏసీకగు ఖర్చునకు చాలదని డ్రైవరు మొరపెట్టెను. ఇరువురును మూసిన కారులో ఒకరినొకరు నిందించుకొనుచు పోయిరి. బాడుగ నిర్ణయించినవాడు ఆ కారులో లేడు.

ఈ విషయమున ఆంగ్లదేశపు శాసనమును కొంచెము పరిశీలింతము. ఇంగ్లీషువారి చట్టమని మ్రొక్కువారము కాము; అయినను అద్దెబండిని గూర్చి వారు చాలకాలము కొట్లాడి కొన్ని సంగతులు తేల్చుకొన్నారు. అక్కడ అద్దెబండ్లు రెండు తెగలు. మొదటిది వీధిలో నిలిచి, చేయెత్తినవారిని ఎక్కించుకొను హాక్నీబండి. లండనులోని నల్లటాక్సీ ఆ సంతతిలోనిదే. 1831 నాటి లండను హాక్నీబండ్ల చట్టము, వీధిలో నిలిచిన బండి బాడుగకు నిలిచినట్లే యని ఎంచి, నిర్ణీతదూరములోపల పోవుటకు నిరాకరింపరాదని బండివానిని కట్టివేసినది. వీధి వానికిచ్చిరి గనుక, ఒప్పుకొను బాధ్యతయు వానిమీద ఉంచిరి. రెండవ తెగ ప్రైవేటు హైరు. వీరికి వీధిలో ప్రయాణికుని ఎక్కించుకొను హక్కు లేదు. ముందుగా బుకింగు చేసికొన్నవారినే ఎక్కించుకొనవలెను. ఆ బుకింగును స్వీకరించుట లైసెన్సు పొందిన ఆపరేటరు పని. లండనుకు 1998లోను, వెలుపల ఇంగ్లండు, వేల్సు ప్రాంతములలో చాలభాగమునకు 1976లోను చేసిన చట్టములు ఈ ఏర్పాటును స్థిరపరచినవి. బుకింగుల చిట్టా వ్రాయవలసినది ఆపరేటరు. అధికారి అడిగినపుడు చూపవలసినది ఆపరేటరు. వీధిహక్కు లేని డ్రైవరుమీద వీధిబాధ్యతను మోపలేదు.

మన ఫోనుబండి డ్రైవరు ఏ తెగవాడు? పిలుపు పంపువాడు కంపెనీ, బాడుగ చెప్పువాడు కంపెనీ, చిట్టా కంపెనీది. ఈ లెక్కను వాడు రెండవ తెగవాడు. కాని పిలుపును త్రోసివేసినపుడు మాత్రము వీధిలో నిలిచిన జట్కావానివలె వానిని నిందింతుము. లాభము ఒక తెగది, బాధ్యత మరియొక తెగది!

అది యట్లుండ, కంపెనీలవారి వాదమును వినవలెను. "డ్రైవరు మా నౌకరు కాడు. వాడు స్వతంత్రవ్యాపారి. ఇష్టమైన పిలుపునకు ఒప్పుకొనును, కానిదానిని విడుచును. మేము ఇరువురను కలిపెడి యంత్రమును మాత్రము నడుపుచున్నాము" అందురు. ఈ వాదము బ్రిటిషు సుప్రీంకోర్టు ఎదుటను జరిగినది. ఊబరు డ్రైవర్ల వ్యాజ్యములో 2021 ఫిబ్రవరి 19వ తేదీన ఆ కోర్టు ఏకగ్రీవముగా దానిని త్రోసివేసినది. బాడుగను కంపెనీయే నిర్ణయించుచున్నదనియు, ఒడంబడిక షరతులు కంపెనీవే యనియు, యాప్ తెరచిన పిమ్మట పిలుపునకు ఒప్పుకొనుట, మానుట యను స్వేచ్ఛను కంపెనీ లెక్కలు వ్రాసి అదుపుచేయుచున్నదనియు న్యాయమూర్తులు కనుగొనిరి. పిలుపులను ఎక్కువగా విడిచినవానిని యాప్‌నుండి పది నిమిషములు వెలికి త్రోయు పద్ధతి యుండెను. అది దండనతో సమానమే యని తీర్పులో తేలినది. ఎక్కించుకొనువరకు గమ్యము చెప్పకుండుటయు ఆ అదుపులో భాగమేనని చూచిరి. ఒప్పుకోలు అను చిన్న మీటను పట్టుకొనియే పెద్ద వ్యాజ్యము తిరిగినది.

ఆ తీర్పు వెలువడిన మరునెలలో, తమ 70 వేలకు పైబడిన బ్రిటను డ్రైవర్లకు కనీసవేతనము, సెలవుల వేతనము ఇత్తుమని ఆ కంపెనీ ప్రకటించెను. కాని కనీసవేతనపు గడియారము ఎప్పటినుండి నడుచును? యాప్ తెరచినప్పటినుండి యని కోర్టు చెప్పగా, సవారికి ఒప్పుకొన్నప్పటినుండియే యని కంపెనీ లెక్కగట్టెను. పిలుపుకొరకు కాచుకొన్న గంటలు ఎవరి ఖాతాలోను పడలేదు. వ్రేలు నొక్కు క్షణమును తమ చేతిలో ఉంచుకొనుట వారికి ఎంత లాభమో దీనివలన తెలియును.

మన దేశమున సామాజిక భద్రతాస్మృతి 2020లో శాసనమై, 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చినది. అందులో ఈ డ్రైవరువంటివారిని యజమాని, నౌకరు అను సంబంధమునకు వెలుపలివారిగా నిర్వచించి, కంపెనీలు తమ రాబడిలో నూటికి ఒకటి రెండు వంతులు వీరి సంక్షేమమునకు కట్టవలెనని వ్రాసినారు. ఏమియు లేనిదానికంటె మేలే. సొంత బండి గల డ్రైవరునకు బాడుగలో నూటికి 80 వంతులకు తక్కువ కాకుండ ఈయవలెనని 2025 మార్గదర్శకములు చెప్పుచున్నవి. అదియు మేలే. అయితే నౌకరు కాడని చట్టమే ఒప్పుకొన్నపుడు, వ్యాపారికి ఉండవలసిన మొదటి హక్కు, ఏ సరుకునకు ఏ ధరకు ఒప్పుకొనుచున్నాడో తెలిసికొను హక్కు, వానికి ఉండవలదా? నౌకరునకుండు రక్షణయు లేదు, వర్తకునకుండు ఎఱుకయు లేదు. ఇట్టి స్వాతంత్ర్యము వింతగా నున్నది.

మేము కోరు నిబంధన చిన్నది. పిలుపు తెరమీదికి వచ్చినపుడే ప్రయాణికుడున్న చోటికి ఎంత దూరమో, దిగవలసిన చోటు ఏదో, బాడుగ ఎంతయో, అందులో తన చేతికి మిగులునదెంతో, అది నగదో కాదో డ్రైవరునకు కనబడవలెను. చదువుకొనుటకు చాలినంత వ్యవధి యుండవలెను. అది నడుపుచున్న బండి యని మరువరాదు. చూచి వలదన్నవానికి ఏ లెక్కలోను తగ్గింపు ఉండరాదు. చూచి ఒప్పుకొన్నవాడు మాత్రము పోయి తీరవలెను. వీనిలో ఒక్కటి చూపక పంపిన పిలుపును డ్రైవరు రద్దుచేసినచో ఆ జుర్మానాను కంపెనీయే ప్రయాణికునికి చెల్లింపవలెను.

డ్రైవర్లను మేము వెనుకవేసికొని వచ్చుట లేదు. సర్వమును తెలిసి ఒప్పుకొని, పిమ్మట ప్రయాణికునికి ఫోనుచేసి "పైన వంద ఇస్తేనే వస్తా"ననువాడున్నాడు. జుర్మానా తనపై పడకుండ, "మీరే క్యాన్సిల్ చేయండి సార్" అని ప్రయాణికుని చేత రద్దుచేయించి, గమ్మున మరియొక పిలుపునకు వ్రేలు నొక్కువాడున్నాడు. ఎదురుగా నిలిచి, వచ్చుచున్నానని చెప్పుచు కదలనివాడున్నాడు. వీరికి 100 రూపాయలు చాలవు. వీరివలననే తక్కిన డ్రైవర్ల న్యాయమైన మొర వినువాడు లేకపోవుచున్నాడు. డ్రైవర్ల సంఘములవారు ఈ మాటను తమ సభలలో దాచక చెప్పుకొనవలెను.

చట్టమును తెరచి చూచినచో తక్కెడ ఎటు మొగ్గినదో కనబడును. 1988 మోటారువాహనముల చట్టములోని 178వ సెక్షను ప్రకారము, చట్టవిరుద్ధముగా ప్రయాణికుని ఎక్కించుకొనని ఆటోడ్రైవరునకు 50 రూపాయలవరకు, కారుడ్రైవరునకు 2019 సవరణ పిమ్మట 500 రూపాయలవరకు జుర్మానా. లైసెన్సు లేక అగ్రిగేటరు వ్యాపారము చేసిన కంపెనీకి 193వ సెక్షను క్రింద 25 వేలకు తగ్గకుండ లక్షవరకు. గమ్యము చూపక పిలుపు పంపి ఒప్పించిన కంపెనీకి ఎంత? అట్టి సెక్షను ఆ చట్టములో లేదు.

ఆ లోటును తీర్చుట రాష్ట్రప్రభుత్వముల చేతిలోని పని. 93వ సెక్షను అగ్రిగేటరులకు లైసెన్సులిచ్చు అధికారమును, షరతులు పెట్టు అధికారమును రాష్ట్రములకే ఇచ్చినది. కేంద్రపు మార్గదర్శకములను రాష్ట్రములు అనుసరింపవచ్చునని మాత్రమే అందులో నున్నది. కావున హైదరాబాదులో గాని అమరావతిలో గాని కూర్చుండి షరతులు వ్రాయువారు, డిల్లీ వ్రాసినది ఇంతేనని చేతులు ముడుచుకొన నక్కరలేదు. మరియొక సంగతి. ఈ చట్టము క్రింద చేయు నియమములను ముందుగా ముసాయిదాగా ప్రకటించి, ఆక్షేపణలు స్వీకరించిన పిమ్మటనే స్థిరపరచవలెనని 212వ సెక్షను విధించుచున్నది. కంపెనీల వకీళ్లు ఆ గడువును ఏనాడును దాటనీయరు. డ్రైవర్ల సంఘములును, స్టేషను వెలుపల బిడ్డను భుజమున వేసికొని నిలిచిన మన పాఠకులును ఆ ముసాయిదాను తెప్పించుకొని చదువవలెను. గమ్యము, దూరము, బాడుగ, చేతికి మిగులునది ముందుగా చూపని పిలుపునకు డ్రైవరు బాధ్యుడు కాడను వాక్యము అందులో లేకున్నచో, ఒక కార్డుమీద రెండు పంక్తులైనను వ్రాసి గడువులోపల రవాణాశాఖకు పంపవలెను.