పతకం ఒకరిది, చెమట ఇద్దరిది

రియో ఒలింపిక్స్‌కి ముందు దాదాపు మూడు నెలలు పి.వి. సింధు చేతిలో ఫోన్ లేదు. కోచ్ పుల్లెల గోపీచంద్ తీసేసుకున్నారు. ఐస్‌క్రీమ్ కూడా బంద్! మనకైతే మూడు గంటలు ఫోన్ లేకపోతేనే ఊపిరాడదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం కోచ్ సంగతి. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన మనిషి ఆయన. ఆ పేరు చెప్పుకుని కుర్చీలో కూర్చుని సలహాలిచ్చినా ఎవరూ కాదనరు. కానీ తెల్లారకముందే గచ్చిబౌలి అకాడమీలో కోర్టు మీదుండేవారు. రాకెట్ పట్టుకుని శిష్యులకి తనే షటిల్స్ కొట్టేవారు. పతకం తన మెడలో పడదని తెలిసినా చెమట విషయంలో పిసినారితనం లేదు.

2016 ఫైనల్లో సింధు మొదటి గేమ్ 21-19తో గెలిచింది. తర్వాతి రెండూ కరోలినా మారిన్ గెలిచింది. చేతికొచ్చింది రజతం. అప్పుడు గోపీచంద్ అన్నది, ఇక ఫోన్ ఇచ్చేస్తా, ఐస్‌క్రీమ్ కూడా తినొచ్చు అని!

గెలుపు ఎవరి చేతిలోనూ పూర్తిగా ఉండదు. ఆ సంగతి ఒప్పుకోవడమే వినయం. ఒప్పుకుని కూడా కష్టం తగ్గించకపోతే, అదీ మనసు పెట్టడమంటే.

రేపు మీ జూనియర్ కోడ్ రివ్యూకి పంపితే, పేరు తనకే కదా అని పైపైన చూసి ఓకే కొట్టేయకండి. ప్రతి లైనూ చదవండి.