ఆహారమున కొలతయు, కోరికయు

మన పాఠశాలా సంచికయందు చదువును గూర్చియు, ఆటలను గూర్చియు, నడవడిని గూర్చియు వ్యాసములు పెక్కులు వెలువడుచుండును. ఆ మూడింటికిని ఆధారమైన భోజనమును గూర్చి వ్రాయువారు మాత్రము అరుదు. అది వంటింటి విషయమనియు, తల్లులు చూచుకొనవలసినదే గాని పత్రికల కెక్కదగినది కాదనియు కొందరి తలంపు. మే మట్లు తలంపము. ఏలయన, నేడు మచిలీపట్టణమునందును, గుడివాడయందును, దివిసీమ పల్లెలయందును ఏ యింట జూచినను భోజనమును గూర్చిన వాదమే వినవచ్చుచున్నది. తండ్రి యన్నము మానెదననును. తల్లి నూనె మానుమనును. పెద్దవాడు సెల్‌ఫోనులో మాంసకృత్తుల లెక్క వేసికొనుచు కూర్చుండును. చిన్నది బడి వాకిట నమ్ము పొట్లములకై మారాము చేయును. ఈ నలుగురిలో నెవరి మాట చెల్లవలెను? కొలత చొప్పున తినవలెనా, కోరిక చొప్పున తినవలెనా? ఈ ప్రశ్నను గూర్చి మా యభిప్రాయమును విద్యార్థుల యెదుటను, వారి తలిదండ్రుల యెదుటను ఉంచుచున్నాము.

ముందుగా కొలత యనగానేమో చూతము. ఆహారమందలి ప్రధాన పోషకములు మూడు: పిండిపదార్థములు, మాంసకృత్తులు, క్రొవ్వులు. మొదటి రెండును గ్రామునకు 4 కెలోరీల చొప్పునను, క్రొవ్వు గ్రామునకు 9 కెలోరీల చొప్పునను శక్తి నొసగును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024వ సంవత్సరమున ప్రకటించిన సూచనలలో దినమునకు సుమారు 2000 కెలోరీల భోజనమున కొక పట్టిక గలదు. ధాన్యములు, చిరుధాన్యములు కలిపి 250 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. పండ్లు 100 గ్రాములు. పప్పులు గాని, గ్రుడ్లు, చేపలు, మాంసములు గాని 85 గ్రాములు. పల్లీలు మొదలగు గింజలు 35 గ్రాములు. నూనె, నెయ్యి 27 గ్రాములు. పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు. ఈ పట్టికను మన యింటి కంచముతో సరిచూచినచో సిగ్గుపడవలసియుండును. మన కంచమున అన్నము కుప్పగా నుండును. కూర అంచున నుండును. పండు పండుగనాడు గాని కానరాదు.

కొలతను బోధించు పెద్దలకు కృష్ణాతీరమున కొదువ లేదు. వీరమాచనేని రామకృష్ణగారు అన్నమును, పిండివంటలను మాని, దినమునకు 70 మొదలు 100 గ్రాముల వరకు క్రొవ్వును పుచ్చుకొనుమని బోధింపగా, 2018 ప్రాంతమున తెలుగునాట ఊరూర ఆ మాటయే మారుమ్రోగెను. మంతెన సత్యనారాయణరాజుగారు ఉండవల్లి కరకట్టమీద ఆశ్రమమును నెలకొల్పి, ఉప్పును, నూనెను, పంచదారను విడిచిన వంటలను బోధించిరి. నది యొకటే, బోధనలు మాత్రము తూర్పు పడమరలు. ఇరువురి మాట విని మేలు పొందితి మనువారిని మే మెరుగుదుము. కొన్నాళ్లు పాటించి విడిచినవారిని అంతకంటె నెక్కువగా నెరుగుదుము. ఏల విడిచితిరని యొక పెద్దమనిషి నడుగగా, "మా అక్కయ్య కూతురి పెండ్లిలో ముద్దపప్పు, ఆవకాయ చూచి యాగలేకపోతిని మాస్టరుగారూ" అని యాయన నవ్వెను. ఇచట నొక హెచ్చరిక చేయక తప్పదు. మధుమేహమునకు మాత్రలు గాని, ఇన్సులిను గాని పుచ్చుకొనువారు వైద్యుని యడుగక హఠాత్తుగా నన్నము మానరాదు. రక్తమున చక్కెర మిక్కిలి పడిపోయి ప్రాణముమీదికి రావచ్చును.

అట్లయిన కోరికనే గురువుగా నెంచుకొందమా? మన జిల్లా చరిత్రయే దీనికి ప్రత్యుత్తర మొసగుచున్నది. 1855లో బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఈ డెల్టా వరి పంటకు పుట్టినిల్లయ్యెను. తరువాత మరలు వచ్చెను. రోకటిపోటు దంపుడు బియ్యము వెనుకబడి, మల్లెపూవువంటి మర బియ్యము కంచమున కెక్కెను. ఆ తెలుపును చూచి కన్ను సంతసించెను, నాలుక సంతసించెను. కాని తవుడుతో పాటు బి1 విటమిను పోయెను. ఉప్పుడు బియ్యము వాడు సీమలలో వడ్లను ముందుగా నుడికించుటచే ఆ విటమిను గింజలోనికి దిగి కొంత నిలిచియుండెను. పచ్చిబియ్యము తిను మన సర్కారు జిల్లాలలో బెరిబెరి యను వ్యాధి పాదుకొనెను. కాళ్లు తిమ్మిరెక్కి, ఉబ్బి, గుండె బలహీనమై జనులు బాధపడిరి. 1918లో కూనూరులో రాబర్టు మెకారిసన్ దొరగారు ఒక చిన్న గదిలో నారంభించిన బెరిబెరి పరిశోధనయే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు చేరి, నేటి జాతీయ పోషకాహార సంస్థ యయ్యెను. తెల్లని యన్నమును కోరిన నాలుక, ఆ వ్యాధి వచ్చుచున్నదని యొక్కనాడును హెచ్చరింపలేదు. కావున కోరికయే సర్వజ్ఞ మనుట పొరపాటు.

అయితే కోరిక వట్టి మూర్ఖ మనుటయు పొరపాటే. 1926 మొదలుకొని అమెరికాలో క్లారా డేవిస్ అను వైద్యురాలు 15 మంది శిశువులపై నొక పరీక్ష జరిపెను. వారికి పాలు, గ్రుడ్లు, మాంసము, చేప, ధాన్యములు, కూరలు, పండ్లు మొదలగు 34 రకముల యాహారములను ఏర్పరచి, పూటకు కొన్నింటిని వేరువేరు గిన్నెలలో ముందుంచి, శిశువు చూపిన దానినే యందింపుడని దాదులకు చెప్పెను. బలవంతము లేదు, వారింపు లేదు. ఒక్కొక్క శిశు వొక్కొక్క తీరున తినెను. కాని యందరును చక్కగా పెరిగిరి. ఎముకలు మెత్తబడు రికెట్సు వ్యాధితో వచ్చిన యొక శిశువు, తన ముందుంచిన కాడ్‌లివరు నూనెను వ్యాధి నయమగువరకు త్రాగి, పిదప విడిచిపెట్టెను. 1939లో ఈ ఫలితములను వివరించుచు, మర్మమంతయు ఆహారముల పట్టికలోనే యున్నదని యామెయే చెప్పెను. ఆ పట్టికలో పంచదార లేదు, మైదా లేదు, డబ్బా తిండి లేదు. ఎంచుకొనుట శిశువుల వంతు. ఏవి ఎదుట నుంచవలెనో నిశ్చయించుట పెద్దల వంతు.

ఎదుట నుంచునవి మారినచో నేమగునో 2019లో ప్రకటింపబడిన మరియొక పరీక్షవలన తెలియుచున్నది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో కెవిన్ హాల్ మొదలగువారు 20 మందిని తమ కడనే యుంచుకొని, రెండు వారములు సహజాహారమును, రెండు వారములు కర్మాగారములలో తయారైన యాహారమును పెట్టిరి. రెండు భోజనములందును ముందుంచిన కెలోరీలు, పిండిపదార్థములు, మాంసకృత్తులు, క్రొవ్వు, చక్కెర, ఉప్పు, పీచు సరిసమానములే. ఇష్టమైనంత తినుమనిరి. కర్మాగారపు తిండి తినిన దినములలో వారు దినమునకు సుమారు 500 కెలోరీల నధికముగా తిని బరువు పెరిగిరి. సహజాహారము తినిన దినములలో బరువు తగ్గిరి. వడ్డించుటయందు లెక్క సరిపోయినను, తినుటయందు సరిపోలేదు. కావున సెల్‌ఫోనులో గ్రాములు కూడినంత మాత్రమున పని తీరదు. ఆ గ్రాములు ఏ రూపమున వచ్చుచున్నవో చూడవలెను.

ఇక మా సొంత తప్పు నొకదానిని చెప్పుకొందుము. మేము పూర్వము పనిచేసిన యొక పాఠశాలలో నెనిమిదవ తరగతి బాలిక యొకతె దాచుకొని బలపములు తినుచుండెను. ఇంటికడ పచ్చిబియ్యము నమలుచుండెనని తల్లి చెప్పెను. మేము మందలించితిమి, తరగతిలో నిలువబెట్టితిమి, తోటివారు నవ్వుచుండగా ఆమె సంచి వెదకించితిమి. ఆ బాలిక యేడ్చెను గాని బలపములు మానలేదు. కొన్ని నెలలకు వరుసలో నిలుచుండి తూలిపడగా, ఆసుపత్రికి కొనిపోయిరి. రక్తము మిక్కిలి తక్కువగా నున్నదని వైద్యురాలు చెప్పి, ఇనుపమాత్ర లిచ్చెను. రెండు మూడు వారములలో బలపములపై కోరిక తనంతట తానే పోయెను. ఆ యమ్మాయి చేసినది తప్పు కాదు. అది శరీరము పెట్టిన మొర. దానిని మే మల్లరితన మనుకొంటిమి. నేటికిని ఆ యేడ్పు మా చెవులలో నున్నది.

ఇందులో గ్రహింపవలసిన దొకటి గలదు. బలపమువలన రక్తము పట్టదు. కోరిక లోపమును చాటును గాని మందు పేరు చెప్పదు. మందు పేరు చెప్పునది విద్య, అనగా కొలత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలెను. కావున బలపములు, మట్టి, పచ్చిబియ్యము తిను బిడ్డను దండింపక పరీక్షకు పంపవలెను. బడులలో వారమున కొకటి చొప్పున నిచ్చు నీలి మాత్రను పారవేయరాదు. అందు ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లము గలదు. 1945లో ఆ యామ్లమును సంయోగపరచిన లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకుడు మన భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారే.

కొలతకును కోరికకును వైరము పుట్టించినవారము మనమే గాని, మన పూర్వులు కారు. దివిసీమ రైతు వరి కోతకు కొలది దినములు ముందుగా మాగాణిలో మినుములు, పెసలు చల్లును. వరి వెనుక మినుము. అన్నము వెనుక పప్పు. బియ్యమున తక్కువైన మాంసకృత్తి భాగము పప్పున గలదు. పప్పున తక్కువైనది బియ్యమున గలదు. ఇడ్డెనయందును, దోసెయందును ఆ రెండును కలిసియే యున్నవి. ఎదుగు బాలికకును, బాలింతకును మినప సున్నుండలు పెట్టుట మన యాచారము. అందు పప్పు గలదు, నెయ్యి గలదు, బెల్లము గలదు. పెట్టువారు పోషణ నెంచిరి. తినువారు రుచి నెంచిరి. పని రెండు విధముల నెరవేరెను. ఎండలో పొలము దున్ని వచ్చినవాడు పంచదార పానకము నడుగడు. ఉప్పు వేసిన మజ్జిగ నడుగును. చెమటలో పోయిన యుప్పును, నీటిని శరీర మట్లు వెనుకకు కోరుచున్నది.

మధ్యాహ్న భోజన పథకమందును కొలత గలదు. ప్రాథమిక తరగతుల బిడ్డకు 450 కెలోరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. ఆరు మొదలు ఎనిమిది తరగతుల బిడ్డకు 700 కెలోరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అని నిబంధన. మన రాష్ట్రమున 2024లో ఈ పథకమునకు గోదావరి లంకలలో అన్నదాతగా పేరొందిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. పట్టిక మంచిదే. కాని కూర చప్పగా నున్న దినమున బిడ్డ గ్రుడ్డును మాత్రము తిని, అన్నమును తొట్టిలో పారవేయుటను మేము కన్నులార చూచితిమి. తినని భోజనము కాగితముమీదనే పుష్టి నిచ్చును. వంటవారి చేతి రుచియు పోషణలో భాగమే యని పెద్దలు గుర్తింపవలెను.

కావున మా యభిప్రాయ మిది. కొలత అంగడియందు చేయవలెను. కోరికకు కంచమునందు చోటీయవలెను. ఇంటికి ఏది రావలెనో, ఏది రాకూడదో తలిదండ్రులును, వసతిగృహముల పెద్దలును ముందుగా నిశ్చయింపవలెను. పప్పు, ఆకుకూర, చేప, గ్రుడ్డు, పెరుగు, పండు ఎదుట నుంచిన పిమ్మట, ఇంకొక ముద్ద తినుమని కొట్టరాదు. ఇంక చాలునని గుంజుకొనరాదు. సంక్రాంతికి తిను బందరు లడ్డునకు లెక్క వేయ నక్కరలేదు. దినదినము బడి వాకిట కొను పొట్లమునకు లెక్క వేయవలెను. గుప్పెడు వేరుసెనగలు, చిన్న బెల్లపుముక్క ఆ పొట్లమునకు మారుగా సంచిలో పెట్టుట ఏ తల్లికిని భారము కాదు.

విద్యార్థులారా! కోరిక కలిగినపుడు మిమ్ము మీరే యడుగుడు: ఇది ఆకలియా, దాహమా, నిద్రలేమియా, లేక తోటివాడు తినుచుండగా పుట్టిన ముచ్చటయా? ఆకలి రుచి యెరుగదని సామెత. ఆకలియే యైనచో ఇంటి చద్దియన్నమును, పెరుగును గూడ మీకు రుచించును. పొట్లమే కావలెను, మరియేదియు వలదనినచో అది ఆకలి కాదని తెలిసికొనుడు. సెల్‌ఫోనులో చూచి, ఎదుగు వయస్సున అన్నమును గాని, నూనెను గాని పూర్తిగా విడువకుడు. అద్దములో కనబడు నడుము కొలత మీ విలువకు కొలత కాదు.

తలిదండ్రులారా! మీ బిడ్డ వింత వస్తువును తినగోరినను, తినవలసినదానిని త్రోసివేసినను, కోపింపకముందు ఒక్కసారి కారణ మడుగుడు. మే మానా డడుగలేదు. మీరైన నడుగుదురని నమ్ముచున్నాము.