గొలుసు తీస్తే చాలదు

మతి స్థిమితం తప్పిన మనిషిని ఇంట్లో కనిపెట్టుకుని ఉండలేక, ఆసుపత్రిలో ఎల్లకాలం ఉంచే వీలు లేక అయినవారు చిన్నచిన్న హోముల గడప తొక్కుతున్నారు. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పల్లెల్లో కూలికి పోతేగాని పూట గడవని కుటుంబాలెన్నో. ఒకరు పని మాని ఇంటిపట్టున ఉంటే పొయ్యి వెలగదు. అలాంటివారికి పదిమందినో, ఇరవైమందినో చేర్చుకునే హోము పెద్ద ఆసరాగా కనిపించడంలో వింత లేదు. అయితే చేర్చి వచ్చిన తర్వాత ఆ నాలుగు గోడల మధ్య ఏం జరుగుతున్నదో చూసేదెవరన్నదే ప్రశ్న.

చూసేవారు లేకపోతే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దేశమంతా చూసింది. దర్గా దగ్గర నడుస్తున్న ఒక ప్రైవేటు హోములో తెల్లవారుజామున పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నవారు కదలలేక కాలిపోయారు. మొత్తం 28 మంది బలయ్యారు. వారిని అక్కడ చేర్చింది పగవారు కాదు, నయమవుతుందని నమ్మిన సొంత మనుషులే.

ఆ నమ్మకం మనకూ కొత్త కాదు. ఆత్మకూరు దగ్గరి అనుమసముద్రంపేట దర్గాకు, పెన్న ఒడ్డున జొన్నవాడ కామాక్షమ్మ గుడికి మనసు చెదిరినవారిని తీసుకొచ్చి నిద్ర చేయించడం ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. మొక్కును తప్పు పట్టనక్కరలేదు. కాని మొక్కు మొక్కే, మందు మందే. దేవుడి పేరుతోనైనా, సేవ పేరుతోనైనా మనిషిని కట్టేసే హక్కు ఎవరికీ లేదు.

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ మాటే చెబుతోంది. గొలుసు వేయరాదు. ఒంటరిగా గదిలో బంధించరాదు. బలవంతంగా గుండు గీయరాదు. పని చేయిస్తే కూలి ఇవ్వాలి. మంచి తిండి, కట్టుకోను సరైన బట్ట, శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. వచ్చినవారితో మాట్లాడే హక్కు, ఫోను చేసుకునే హక్కు ఉన్నాయి. ఇలాంటి సంస్థ ఏదైనా రిజిస్టరు చేయించుకోనిదే నడపరాదు. ఫిర్యాదు వినే సమీక్షా బోర్డు చిరునామా, ఫోను నంబరు అందరికీ కనబడేలా గోడమీద ఉండాలి.

అయితే గొలుసు తీసినంత మాత్రాన సంరక్షణ బాగుపడినట్టు కాదు. గొలుసు చేసే పని మత్తు మాత్ర కూడా చేస్తుంది. పగలంతా జోగుతూ మూల కూర్చున్న మనిషిని చూసి 'ఎంత నెమ్మదించాడో' అని సంతోషించి తిరిగివచ్చే బంధువులున్నారు. అది నెమ్మదో, మందు మోతాదు మించిన మాంద్యమో తేల్చవలసింది మానసిక వైద్యుడు. కొన్ని మందులకు చేతులు వణుకుతాయి, ఒళ్లు బిగుసుకుంటుంది. మోతాదు సరిచేసే డాక్టరు కంటపడక నెలల తరబడి అదే చీటీ నడిస్తే రోగి మరింత దెబ్బతింటాడు.

కనుక హోము మంచి చెడ్డలు తెల్లసున్నం, బోర్డు చూసి తేల్చరాదు. మానసిక డాక్టరు చివరిసారి ఎప్పుడు వచ్చాడు? ఏ మందు, ఎంత ఇస్తున్నారో కాగితం చూపుతారా? రాత్రి కాపలా ఎవరు? నిప్పంటుకుంటే తలుపు తీసే మనిషి ఎవరు? పింఛను వస్తుంటే ఆ డబ్బు ఎవరి చేతికి పోతోంది? చెప్పాపెట్టకుండా వెళ్తే లోపలికి రానిస్తారా? ఈ ప్రశ్నలకు తడుముకునే చోట మనవాళ్లను వదలరాదు.

కుటుంబాల వంతూ ఉంది. నెలనెలా డబ్బు పంపి, ఏడాదికోసారి కూడా మొహం చూపకపోతే ఎంత మంచి హోమైనా బందెలదొడ్డి అవుతుంది. నయమైన మనిషిని ఇంటికి తెచ్చుకోవాలి. వేళకు మందు వేసుకుంటూ పొలం పని, ఇంటి పని చేసుకునేవారు మన ఊళ్లలోనే ఉన్నారు.

ఇక అధికారుల సంగతి. ఆత్మకూరు, కలిగిరి వైపుల నుంచి నెల్లూరు పోయేవారికి సంగం కూడలి. నెలకొక్క రోజైనా మానసిక వైద్యుడు ఇక్కడి ఆసుపత్రిలో కూర్చుంటే ఎందరికో బస్సు ఖర్చు, ఒక రోజు కూలి మిగులుతాయి. అందాకా ఇంటినుంచే ఉచితంగా సలహా అడగడానికి 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416 ఉంది. దాన్ని ప్రతి పంచాయతీ కార్యాలయం గోడమీద రాయించాలి. మతి తప్పినవారిని హింసిస్తున్నారని, పట్టించుకోకుండా వదిలేశారని తెలిస్తే మేజిస్ట్రేటుకు తెలపడం ఆ పోలీసు స్టేషను అధికారి విధి అని చట్టమే అంటోంది. జిల్లా వైద్యాధికారులు హోములను ముందుగా కబురు పెట్టకుండా తనిఖీ చేసి, రిజిస్టరైనవేవో, కానివేవో ప్రజలకు ప్రకటించాలి. ఏర్వాడి తర్వాత విచారించినట్టు ప్రాణాలు పోయాక విచారించడం కాక, పోకముందే ఒకసారి తలుపు తట్టి చూడవలసిన అవసరం ఎంతైనా ఉంది.