ఒకే స్కెచ్చులో రెండు మోటార్లు

చదివింది మెకానికల్, తింటున్నది సాఫ్ట్‌వేర్ కూడు. అయినా క్యాడ్ కనబడితే గీతలు గీయకుండా ఉండలేని జబ్బొకటి మిగిలిపోయింది. మొన్న పెద్దవంగర వెళ్ళినప్పుడు ఆ జబ్బు వల్ల మా బాపుకు ఒక ఇనుప ప్లేటు ఖర్చు మీద పడింది.

సంగతేంటంటే, ఇంటి దగ్గర గడ్డి కోసే మిషన్‌కి 2 హెచ్‌పీ మోటారుంది. "రేపో మాపో 3 హెచ్‌పీది పెడదాం, రెండిటికీ పనికొచ్చేటట్టు ప్లేటు గియ్యి బిడ్డా" అన్నాడు. నాలుగు పోళ్ళ మోటార్లలో మామూలుగా 2 హెచ్‌పీకి 90ఎల్ ఫ్రేము, 3 హెచ్‌పీకి 100ఎల్. పాదాల బోల్టుల మధ్య దూరం మొదటిదానికి 140×125 మిల్లీమీటర్లు, రెండోదానికి 160×140. బెల్టు బిగించాలంటే మోటారు జరగాలి కాబట్టి గుండ్రటి బెజ్జాలు కాదు, పొడుగు స్లాట్లు. రెండు మోటార్ల స్లాట్లనీ ఒకే స్కెచ్చులో, ఒకే కేంద్రం చుట్టూ గీసేశాను. స్క్రీన్ మీద ముచ్చటగానే ఉంది.

పక్కపక్క స్లాట్ల నడిగీతల మధ్య దూరం 7.5 మిల్లీమీటర్లే. ఒకదాని వెడల్పు 10, ఇంకోదానిది 12. ఇంకేం, ఒకదానిమీదొకటి ఎక్కి కూర్చున్నాయి. లేజర్‌తో కోయించి తెస్తే రెండూ కలిసిపోయి 18.5 మిల్లీమీటర్ల గండి! ఎం8 బోల్టు వాషర్ బయటి వ్యాసం 16. వాషర్ టంగుమని కింద పడింది. బాపు ఏమీ అనలేదు. ప్లేటు తీసుకెళ్ళి నీళ్ళ కుండ మీద మూత పెట్టాడు. తిట్టినా బాగుండేది.

ఇలాంటప్పుడు చాలామంది సాఫ్ట్‌వేర్‌ని తిడతారు. లేదంటే సాలిడ్‌వర్క్స్‌లోలాగా కావలసిన గడిని ఎంచుకుంటే సరి అంటారు. నాకది నచ్చదు. రేపు ఒక కొలత మారితే గడులే వేరేగా చీలతాయి, మీరు ఎంచుకున్నది గల్లంతు. అసలు తప్పు గీతల్లో లేదు, రెండు వేర్వేరు నిర్ణయాల్ని ఒకే కాగితం మీద కుక్కడంలో ఉంది. వెయ్యి లైన్ల ఫంక్షన్ చూస్తే ముక్కు మూసుకునే మనమే క్యాడ్‌లో అదే పని చేస్తాం.

మన ఊళ్ళ పాత సర్వే కాగితాలు చూడండి. ఒక్కో సర్వే నంబరుకీ కొలతలతో టిప్పన్ వేరు, ఊరంతా కనబడే నక్ష వేరు. కొలతలన్నీ నక్షలోనే రాసుంటే ఎవరి గట్టు ఎక్కడో తేలేదేనా?

రెండోసారి అలాగే గీశాను. మొదటి స్కెచ్చులో ప్లేటు అంచులు, షాఫ్టు నడిగీత, అంతే. 90ఎల్‌కి ఒక స్కెచ్చు, 100ఎల్‌కి ఇంకోటి, రెండిటికీ పేర్లు పెట్టి (స్కెచ్14 అని వదిలేస్తే ఆర్నెల్ల తర్వాత మనకే తెలీదు). రెండూ మొదటి స్కెచ్చునే పట్టుకోవాలి, కోసిన అంచుల్ని కాదు. అంచుల్ని పట్టుకుంటే ముందు ఏదో మార్చగానే తర్వాతవన్నీ ఎర్రబడతాయి. ఫ్రీక్యాడ్ వాడినవాళ్ళకి ఈ నొప్పి బాగా తెలుసు. 2024 నవంబరులో వచ్చిన 1.0లో చాలావరకు తగ్గించారు, మొత్తం పోలేదు.

అలా విడదీశాక 100ఎల్ స్కెచ్చు మొత్తాన్ని షాఫ్టు దారిలో వెనక్కి 30 మిల్లీమీటర్లు జరపడం ఒక్క అంకె మార్చినంత పని. దాని షాఫ్టు ఎలాగూ పొడుగు, పుల్లీ బెల్టు వరసకి అందుతుంది. స్లాట్ల మధ్య 11.5 మిల్లీమీటర్ల ఇనుము మిగిలింది. పాత స్కెచ్చులో ఇదే పని చేయబోతే ఒకటి లాగితే పది కదిలాయి.

కొత్త ప్లేటు బిగించాం. 3 హెచ్‌పీ మోటారు మాత్రం ఇంకా కొనలేదు.