లిప్‌స్టిక్ మీదే ఎందుకీ లెక్కలు?

2001లో అమెరికా మాంద్యంలో పడ్డప్పుడు ఎస్టీ లాడర్ కంపెనీ ఛైర్మన్ లెనార్డ్ లాడర్ ఓ మాట వదిలారు. రోజులు బాగాలేనప్పుడు ఆడవాళ్లు ఖరీదైనవి మానుకుని లిప్‌స్టిక్‌లు ఎక్కువ కొంటారట. లిప్‌స్టిక్‌లు అమ్ముకునే ఆయన అలా అనడంలో వింతేమీ లేదు. అది ఆర్థిక సూత్రంలా చలామణీ కావడమే వింత. మన దగ్గరికొచ్చేసరికి దానికో తోక కూడా మొలిచింది: ఇల్లు గడవకపోయినా వీళ్లకు సోకులు కావాలి!

2020ని మించిన కష్టకాలం ఏముంది? మూతికి మాస్కు పడింది, లిప్‌స్టిక్ అమ్మకాలు పడిపోయాయి. వెంటనే విశ్లేషకులు కళ్ల అలంకరణ వైపు తిరిగి, కష్టకాలపు కొనుగోలు ఇదేనన్నారు. ఏది అమ్ముడైతే అదే రుజువైతే దాన్ని సూత్రమనరు, సోది అంటారు.

ఆ ఏడాదే మే 4న ఆంధ్రప్రదేశ్‌లో లాక్‌డౌన్‌తో మూతపడ్డ మద్యం దుకాణాలు మళ్లీ తెరిచారు. ధర మొదట 25 శాతం, వెంటనే మరో 50 శాతం పెంచారు. ఆ క్యూలు అందరం టీవీల్లో చూశాం. లిప్‌స్టిక్ మీద కట్టినట్టు క్వార్టర్ సీసా మీద ఎవరైనా సూచీ కట్టారా? ఖజానా ఆదాయం గురించి మాట్లాడారంతే. ఇంటి డబ్బు ఎటు పోతోందో 1992లోనే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చూపించారు. వాళ్ల పోరాటం ఊరూరా పాకితేనే మరుసటి ఏడాది సారా నిషేధం వచ్చింది.

పంట పోయినా, ఆసుపత్రి ఖర్చు మీద పడినా ముందు తాకట్టుకు వెళ్లేది ఎవరి బంగారం? ఆమె గాజులు, ఆమె గొలుసు. రసీదు మాత్రం చాలా ఇళ్లలో ఆయన పేరు మీదే. డ్వాక్రా అప్పు ఆమె పేరున వస్తుంది, ఎరువులకో పిల్లల ఫీజుకో పోతుంది, వాయిదా మాత్రం ఆమే కట్టాలి. పొలం పట్టాలో చాలాసార్లు ఆమె పేరుండదు. కష్టాన్ని తట్టుకునే బలం ఎక్కడ తగ్గుతోందో చూడాలంటే ఈ కాగితాలు తిరగెయ్యాలి, పౌడరు డబ్బా కాదు.

పైగా లిప్‌స్టిక్ అందరికీ సోకు కాదు; చీరల షోరూమ్‌లో రోజంతా నిలబడే అమ్మాయికి అది పనిముట్టు. అది లేకుండా వస్తే మేనేజర్ ఊరుకోడు, జీతంలో దానికి పైసా కలపడు.

అలాగని ఫెయిర్‌నెస్ క్రీముల్ని నేను వెనకేసుకు రావడం లేదు. నలుపంటే భయపెట్టి 1975 నుంచి అమ్ముతున్న క్రీము పేరులోంచి 2020లో గానీ 'ఫెయిర్' పోలేదు. ఆ వ్యాపారాన్ని తిట్టేటట్టయితే చెప్పండి, నేనూ గొంతు కలుపుతాను.