ఎత్తేవాళ్లున్నారు, కలిపేవాళ్లే లేరు

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లలో చాలామంది ఫోన్లలో రెండు మూడు హెల్ప్‌లైన్ నంబర్లు ఉంటాయి. ఊరి నుంచి బయల్దేరేటప్పుడు ఎవరో రాసిచ్చినవి కొన్ని, క్యాంపు గోడ మీద చూసి ఎక్కించుకున్నవి కొన్ని. ఆ నంబర్లకు ఒకదానితో ఒకటి మాటల్లేవన్న సంగతి మాత్రం కష్టం వచ్చిన రోజునే తెలుస్తుంది.

మా రూములో ఎనిమిది మందిమి. అందులో జగిత్యాల వైపు తమ్ముడు ఒకడికి ఐదు నెలలు జీతం రాలేదు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉంది. ఒక శుక్రవారం సెలవు నాడు ధైర్యం చేసి ఫోన్ కొట్టాడు. ఎత్తినాయనకు హిందీ వచ్చు, మనవాడికి అంతంతమాత్రం. తెలుగు వచ్చినవాళ్లు ఆదివారం ఉంటారన్నాడు. ఆదివారం చేస్తే, మీరుండే ఊరు మా పరిధిలోకి రాదు, ఇంకో నంబరుకు చేయండన్నారు. అక్కడ ఎత్తినావిడ కథంతా మళ్లీ మొదటి నుంచి అడిగింది. లైను వేరేవాళ్లకు ఇస్తానంది, ఇచ్చేలోపే కట్టయింది. ఇండియా టోల్ ఫ్రీ నంబరుకు చేస్తే ఇక్కడి సిమ్ నుంచి అసలు పోనే లేదు. బ్యాలెన్స్ అయిపోయింది. ఆ వారంలోనే కఫీల్ వీడు పనిలోంచి పారిపోయాడని రాసిచ్చేశాడు. జీతం అడగాల్సినవాడు కాస్తా కల్లివెల్లి అయి కూర్చున్నాడు.

ఎవరినీ తిట్టడానికి ఇది చెప్పడం లేదు. ఫోన్ ఎత్తిన ముగ్గురూ మర్యాదగానే మాట్లాడారు. కానీ ముగ్గురివీ మూడు వేరువేరు ఫోన్ వ్యవస్థలు. ఒకరు రాసుకున్నది ఇంకొకరికి కనిపించదు, ఒకరి లైను ఇంకొకరికి అందదు. తెలుగు వచ్చిన మనిషి ఎక్కడో ఖాళీగా ఉన్నా, మనవాడి ఫోన్ అక్కడికి చేరే దారి లేదు.

ఇది చేతకాని పనేం కాదు. పెద్ద బ్యాంకులు ఎప్పుడో చేసేశాయి. రాత్రి పన్నెండుకు ఫోన్ చేసి భాష నొక్కితే, ఆ భాష వచ్చినవారు ఎక్కడున్నా ఎత్తుతారు. ఆ మనిషి ఆఫీసులో ఉన్నాడో, ఇంట్లో మంచం మీద కూర్చున్నాడో మనకు తెలియదు, అక్కర్లేదు కూడా. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ కాల్ సెంటర్ల పిల్లలు కంప్యూటర్లూ హెడ్‌సెట్లూ ఇంటికి తెచ్చుకుని పనిచేయడం మన ఇళ్లలోనే చూశాం.

దీని కీలకం మరీ కష్టమైంది కాదు. పాత ఆఫీసుల్లో ఈపీఏబీఎక్స్ అనే పెట్టె ఉంటుంది, బయటి లైన్లు అందులోకి వచ్చి బల్లబల్లకీ వైర్ల మీద పోతాయి. కొత్త ఆఫీసుల్లో మాట ఇంటర్నెట్ మీద నడుస్తుంది. ఈ రెంటి మధ్య గేట్‌వే అనే పరికరం దుబాసీలా నిలబడుతుంది. ఇంటర్నెట్ వైపు ఒక కంపెనీ ఎక్స్ఛేంజి ఇంకో కంపెనీ ఎక్స్ఛేంజితో కలవడానికి సిప్ అనే ఉమ్మడి పద్ధతి ఉంది. ఇప్పుడు వాడుకలో ఉన్న దాని ప్రమాణం 2002లోనే వచ్చింది. కాబట్టి ఏ ఆఫీసూ తన పాత పెట్టె పారేయక్కర్లేదు. అన్నిటికీ పైన ఒకే ఉమ్మడి క్యూ పెట్టి, తెలుగు నొక్కినవారిని తెలుగు వచ్చిన మనిషి దగ్గరికి పంపితే చాలు.

చట్టం ఒప్పుకోదనేవారు ఒకప్పుడు. అప్పట్లో అది నిజమే. దేశంలోని కాల్ సెంటర్లను దేశీయం, అంతర్జాతీయం అని విడదీసి, మధ్యలో గోడలు కట్టారు. టెలికాం శాఖ 2020 నవంబరులో ఆ నిబంధనలు చాలావరకు సడలించింది. 2021 జూన్‌లో ఆ తేడానే ఎత్తేసింది. కేంద్రాలు ఒకదానితో ఒకటి కలవచ్చు, ఏజెంటు ఇంటి బ్రాడ్‌బ్యాండ్ నుంచే లైనులోకి రావచ్చు, ఎక్స్ఛేంజి ప్రపంచంలో ఎక్కడైనా ఉండొచ్చు అంది. ఈ వెసులుబాటును వ్యాపారాలు వాడుకుంటున్నాయి. మన కష్టం వినే కేంద్రాలు ఎందుకు వాడుకోకూడదని మేం అడుగుతున్నాం.

గల్ఫ్ వైపు చిక్కు లేకపోలేదు. సౌదీ 2017లో ఇంటర్నెట్ కాల్స్‌పై నిషేధం ఎత్తేసింది కానీ, ఎమిరేట్స్‌లో లైసెన్సున్న యాప్‌ల మీదే మాట్లాడాలి. అందుకే కూలీ వైపు మామూలు లోకల్ నంబరు ఉండాలి, అవతలి లంకె అక్కడి అనుమతి ఉన్న టెలికాం కంపెనీ ద్వారానే పోవాలి. అది ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకోవాల్సిన పని, మన చేతిలోది కాదు.

లైను కలిపితే సరిపోదు, కథ కూడా కలవాలి. విదేశాంగ శాఖ 2015లో పెట్టిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదుకు ఒక నంబరు ఇస్తారు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రాలైనా, ఏపీఎన్నార్టీ అయినా, హైదరాబాద్‌లో 2024లో మొదలైన ప్రవాసీ ప్రజావాణి అయినా ఆ ఒక్క నంబరుతోనే నడవాలి. ఫోన్ ఎత్తగానే పాత సంగతి తెర మీద కనిపించాలి. ఆ వివరాలు కంపెనీ చెవిన పడకుండా కట్టుదిట్టం ఉండాలి, లేకపోతే నోరు విప్పినవాడే నష్టపోతాడు. బ్యాలెన్స్ లేనివాడు మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి చేయాలి. వేళలూ చూడాలి. సౌదీ, కువైట్, ఖతర్‌లలో డ్యూటీ దిగి రూముకొచ్చేసరికి రాత్రి ఎనిమిదైతే, అప్పటికి మన ఊళ్లో పదిన్నర. ఆఫీసులో ఎవరూ ఉండరు, ఇంటి నుంచి ఎత్తే మనిషి ఉండగలడు.

వాట్సాప్ గ్రూపులున్నాయి కదా, సామాజిక కార్యకర్తలున్నారు కదా అని కొందరంటారు. ఉన్నారు, వాళ్ల మేలు మరిచిపోలేం. కానీ వాళ్లూ మనలాగే డ్యూటీ చేసుకునేవాళ్లు. ఒక మనిషి మంచితనం మీద ఇన్ని వేలమంది ఎంతకాలం ఆధారపడతారు?

ఫోన్ కలిసినంత మాత్రాన జీతం చేతికొస్తుందని మేం అనుకోవడం లేదు. కఫీల్‌తో మాట్లాడాల్సిన అధికారి మాట్లాడాలి, లేబర్ ఆఫీసుకు కాగితం పోవాలి. కానీ మా తమ్ముడికి మొదటి ఫోన్‌లోనే తెలుగులో జవాబు దొరికి ఉంటే, కఫీల్ కంటే ముందు వాడి ఫిర్యాదు నమోదై ఉండేది. ఇలాంటి కేసుల్లో ఎవరు ముందు చెప్పారన్నది చిన్న విషయం కాదు.

సంఘాల పెద్దలకు మా మనవి ఒకటే. ఈసారి మంత్రులో ఎంపీలో ఇటు వచ్చినప్పుడు శాలువాతో పాటు ఈ మాట కూడా వాళ్ల చేతిలో పెట్టండి. కొత్త నంబర్లు వద్దు, ఉన్నవాటిని కలపమనండి.