పెద్ద కంట్లో చిన్న లెన్స్... కదలకుండా ఉండాలంటే!

‘‘చిన్నప్పట్నుంచీ సోడాబుడ్డి కళ్లద్దాలే. ఇప్పుడు శుక్లాలు కూడా వచ్చాయంటున్నారు. నాలాంటివాళ్లకి ఆపరేషన్‌లో పెట్టే లెన్స్ సరిగ్గా నిలబడదట, నిజమేనా?’’

మైనస్ పవర్ బాగా ఎక్కువగా ఉన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. వీళ్లలో కొందరికి నలభై, యాభై ఏళ్లకే శుక్లాలు వచ్చేస్తాయి. కాబట్టి ఆపరేషన్ తర్వాత ఆ కంటితో ఇంకా చాలా ఏళ్లు పని ఉంటుంది. లెన్స్ నిలబడదన్నది నిజం కాదు. అందరికంటే కాస్త ఎక్కువ జాగ్రత్త కావాలన్నది మాత్రం నిజం.

తేడా ఎక్కడుంది?

మామూలు కన్ను ముందు నుంచి వెనక్కి 23-24 మిల్లీమీటర్ల పొడవుంటుంది. మైనస్ 6 దాటినవాళ్లలో చాలామందికి ఇది 26 దాటిపోతుంది. శుక్లం ఆపరేషన్‌లో మసకబారిన లెన్స్‌ని తీసేసి, అది ఉండే పల్చటి సంచిని మాత్రం అలాగే ఉంచుతారు. కొత్త లెన్స్ కూర్చునేది అందులోనే. ఆ సంచిని చుట్టూ సన్నటి దారాలు పట్టి ఉంచుతాయి.

పొడవైన కంట్లో ఈ సంచి పెద్దదిగా, దారాలు కాస్త వదులుగా ఉండొచ్చు. వెనకాల ఊతంగా ఉండాల్సిన జెల్లీ కూడా ముందే నీళ్లలా పల్చబడి ఉంటుంది. లెన్స్ సైజు మాత్రం పెద్దగా మారదు. దాన్ని పట్టి ఉంచే కాళ్లతో కలిపి సుమారు 13 మిల్లీమీటర్లు. పెద్ద గలీబులో చిన్న దిండు దూర్చినట్టన్నమాట. అటూ ఇటూ జరగడానికి చోటు దొరుకుతుంది.

జరిగితే ఏమవుతుంది?

మామూలు లెన్స్ తన చుట్టూ తాను కొంచెం తిరిగినా చూపులో తేడా తెలీదు. పక్కకి జరిగినా, ఒరిగినా మాత్రం చూపు మారుతుంది. అసలు చిక్కు టోరిక్ లెన్స్‌తోనే. కళ్లద్దాల చీటీలో ‘సిలిండర్’ అని రాసే పవర్‌ని సరిచేసే లెన్స్ ఇది. ఖరీదూ ఎక్కువే. దీన్ని ఒక కచ్చితమైన కోణంలో కూర్చోబెట్టాలి. ఒక్క డిగ్రీ తిరిగితే దాని ప్రభావంలో దాదాపు 3 శాతం పోతుంది. 10 డిగ్రీలు తిరిగితే మూడో వంతు, 30 డిగ్రీలు తిరిగితే మొత్తం పోయినట్టే. ఎక్కువ డబ్బు పెట్టీ మళ్లీ కళ్లద్దాలు తగిలించుకోవాల్సి వస్తుంది.

డాక్టర్లు ఏం చేస్తారు?

లెన్స్ పట్టుకి మొదటి మెట్టు, సంచి ముందువైపు కోసే గుండ్రటి కిటికీ. అది లెన్స్ కంటే కాస్త చిన్నగా, సరిగ్గా మధ్యలో ఉంటే, దాని అంచు లెన్స్‌ని చుట్టూ కప్పి అదిమి పట్టుకుంటుంది. రెండోది, ఆపరేషన్‌లో వాడే జిగురులాంటి మందుని లెన్స్ వెనక నుంచి కూడా పూర్తిగా తీసెయ్యడం. అది మిగిలితే లెన్స్ జారుతుంది.

మూడోది రింగు. చివరలు కలవని కడియంలా ఉండే సన్నటి ప్లాస్టిక్ రింగుని సంచి లోపల అంచు వెంట పెడతారు. అది సంచిని చుట్టూరా సమంగా సాగదీసి బిగువుగా ఉంచుతుంది. ఈ రింగులు 1990ల నుంచీ వాడకంలో ఉన్నవే. ఇవి అందరికీ అక్కర్లేదు. కన్ను బాగా పొడవుగా ఉండి టోరిక్ లెన్స్ పెడుతున్నప్పుడు, దారాలు బలహీనంగా ఉన్నప్పుడు ఉపయోగం ఎక్కువ.

మీ వంతు ఏమిటి?

కాంటాక్ట్ లెన్సులు వాడుతుంటే కొలతలకి ముందే ఆ మాట చెప్పండి. డాక్టర్ చెప్పినన్ని రోజులు మానెయ్యండి. లేదంటే కొలతలు తప్పుతాయి. పొడవైన కంటికి పాత లెక్కలతో పవర్ వేస్తే, ఆపరేషన్ తర్వాత ప్లస్ పవర్ మిగిలే ప్రమాదం ఉంది. అందుకే కాంతితో కన్ను కొలిచే యంత్రం, బ్యారెట్ లాంటి కొత్త ఫార్ములాలు వాడుతున్నారా అని మొహమాటం లేకుండా అడగండి.

ఇంకో సంగతి. ఇన్నాళ్లూ అద్దాలు తీసేసి పుస్తకం దగ్గరగా పెట్టుకుని హాయిగా చదివే అలవాటు మీకుంటుంది. లెన్స్ దూరం చూపుకి పెడితే ఆ సౌకర్యం పోతుంది, చదవడానికి అద్దాలు కావాలి. కొంచెం మైనస్ వదిలేస్తే చదవడం బాగుంటుంది, దూరానికి అద్దాలు కావాలి. ఏది కావాలో ముందే మాట్లాడుకోండి.

లెన్స్ తిరిగితే, ఎక్కువగా మొదటి కొన్ని గంటల్లోనే తిరుగుతుంది. ఆ తర్వాత సంచి మెల్లగా ముడుచుకుని లెన్స్‌ని పట్టేసుకుంటుంది. కాబట్టి ఆపరేషన్ రోజు నెమ్మదిగా ఉండండి. కన్ను నలపొద్దు. మర్నాటి చెకప్ ఎగ్గొట్టొద్దు. టోరిక్ లెన్స్ బాగా తిరిగిందని తేలినా కంగారు అక్కర్లేదు. సాధారణంగా ఒకటి రెండు వారాల్లో మళ్లీ సరైన కోణానికి తిప్పుతారు. ‘అదే సర్దుకుంటుందిలే’ అని నెలలు గడిపితే సంచి బిగిసిపోయి పని కష్టమవుతుంది.

ఇది మరవద్దు

ఎక్కువ మైనస్ ఉన్న కంటికి లెన్స్ కంటే పెద్ద ముప్పు రెటీనా ఊడిపోవడం. ఆపరేషన్‌కి ముందు చుక్కలు వేసి రెటీనా అంచులదాకా చూపించుకోండి. చిరుగులేమైనా ఉంటే లేజర్ అవసరమో కాదో డాక్టర్ చెబుతారు. ఆపరేషన్ అయ్యాక, ఏళ్లు గడిచినా సరే, కంట్లో మెరుపులు, ఒక్కసారిగా ఎక్కువైన నల్లచుక్కలు, ఓ పక్క నుంచి తెర జారినట్టు నీడ... వీటిలో ఏది కనిపించినా ‘లెన్స్ కదిలిందేమో, రేపు చూద్దాం’ అనుకోకండి. ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.